అణచివేత – ప్రజోద్యమం: ఇరాన్ విప్లవంపై ఒక గ్రంథం, కొన్ని ప్రశ్నలు

ప్రభుత్వ నిర్బంధాన్ని గురించి లోకంలో రెండు విశ్వాసాలు బలంగా ఉన్నాయి. తగినంత బలప్రయోగం చేస్తే ఎంతటి ఉద్యమమైనా చల్లారిపోతుందన్నది పాలకుల విశ్వాసం. ఎంతగా అణగద్రొక్కితే అంతగా ఎగసిపడుతుందన్నది ఉద్యమకారుల విశ్వాసం. మొదటిదాన్ని నమ్మి కాల్పులకు ఉత్తరువులు ఇచ్చేవారున్నారు. రెండవదాన్ని నమ్మి ఇతరుల బిడ్డలను ఆ కాల్పుల ఎదుటికి పంపేవారూ ఉన్నారు. కనుక వీటిలో నిజమెంత అన్నది తీరిక వేళ చర్చించుకునే పండిత విషయం కాదు. దానిపై ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి.

ముస్లిం పాఠకుల మధ్య రెండవ విశ్వాసానికి మతపరమైన గౌరవం కూడా లభించింది. షహీదుల రక్తం వృథా పోదన్న మాట పరలోక ప్రతిఫలాన్ని గురించి చెప్పినప్పుడు విశ్వాసంలో భాగం. అదే మాటను ఇహలోక రాజకీయ ఫలితాన్ని గురించి చెప్పినప్పుడు అది రుజువు కావలసిన ప్రతిపాదన. ఈ రెండింటినీ కలిపి మాట్లాడటం వ్యాసాలలోనూ, ఉపన్యాసాలలోనూ అలవాటైపోయింది. అలా మాట్లాడేవారు సాధారణంగా చూపే ఉదాహరణ 1978–79 నాటి ఇరాన్. నిరాయుధులైన జనం ప్రపంచంలోని అతిపెద్ద సైన్యాలలో ఒకదాని తుపాకులకు ఎదురు నిలిచి రాజును గద్దె దింపిన మాట వాస్తవం. అయితే తుపాకులు పేలినందువల్లనే ఆ విప్లవం గెలిచిందా? పేలినప్పటికీ గెలిచిందా? ఈ రెండు ప్రశ్నలకు మధ్య ఉన్న భేదాన్ని గమనించిన రచనలు తక్కువ.

అటువంటి కొద్ది రచనలలో అమెరికన్ సమాజశాస్త్రవేత్త చార్ల్స్ కర్జ్‌మన్ గ్రంథం 'ది అన్‌థింకబుల్ రివల్యూషన్ ఇన్ ఇరాన్' ముఖ్యమైనది. 2004లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ప్రచురణగా వెలువడిన ఈ గ్రంథాన్ని ఇరాన్ పట్ల అభిమానంతోనో, ద్వేషంతోనో కాక, పై ప్రశ్నను మనసులో ఉంచుకుని చదవడం అవసరం.

మాటలోనే ఉన్న చిక్కు

గ్రంథంలోకి పోయే ముందు ఒక మాటను పరిశీలించాలి. ప్రభుత్వం తన ప్రజలపై చేసే బలప్రయోగాన్ని తెలుగు పత్రికలు అణచివేత అనీ, దమనకాండ అనీ, నిర్బంధం అనీ వ్రాస్తాయి. వీటిలో అణచివేత అన్న మాట ఒక ఫలితాన్ని తనలోనే దాచుకుని ఉంది. అణచివేయడమంటే అణగిపోయేటట్లు చేయడం. ప్రభుత్వం కాల్పులు జరిపితే చాలు, ఉద్యమం అణగిందో లేదో చూడకుండానే ఆ పనికి అణచివేత అని పేరు పెట్టేస్తాము. ఫార్సీలోని 'సర్‌కూబ్', దాని నుండి ఉర్దూకు వచ్చిన 'సర్‌కోబీ' తలపై మోదడాన్ని చెప్పే మాటలు. మోదిన తరువాత ఆ తల వంగిందో, నిలిచిందో అవి చెప్పవు.

అరబ్బీలోని 'జుల్మ్' ఇంకా స్పష్టమైన పదం. ఒక వస్తువును దానికి తగని చోట ఉంచడమే జుల్మ్ అని నిఘంటుకారులు అర్థం చెప్పారు. ఇది చేసిన పనిపై తీర్పు మాత్రమే. ఆ పని సఫలమైందా, విఫలమైందా అన్నది వేరే ప్రశ్న. సఫలమైన జుల్మ్ కూడా జుల్మే. విఫలమైన జుల్మ్ నేరం తగ్గదు. ఈ భేదాన్ని గుర్తుంచుకుంటే, అణచివేత ఫలించిన సందర్భాలు కూడా చరిత్రలో ఉన్నాయని ఒప్పుకోవడానికి ఎవరూ జంకనక్కరలేదు. అలా ఒప్పుకున్నంత మాత్రాన జాలిమును సమర్థించినట్లు కాదు.

గ్రంథకర్త వాదం

కర్జ్‌మన్ గ్రంథ నిర్మాణం సులభమైనది. ఇరాన్ విప్లవానికి పండితులు చెప్పిన కారణాలను ఆయన ఐదుగా విభజించారు: రాజకీయ కారణాలు, నిర్మాణపరమైన కారణాలు, సాంస్కృతిక కారణాలు, ఆర్థిక కారణాలు, సైనిక కారణాలు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క అధ్యాయం కేటాయించి, ఒక్కొక్కటే సరిపోదని చూపుతూ వచ్చారు.

1977లో షా కొంత స్వేచ్ఛ ఇచ్చినందువల్ల ఉద్యమం పుట్టిందంటారా? ఆ స్వేచ్ఛను ఉపయోగించుకున్నవారు ఎక్కువగా న్యాయవాదులు, రచయితలు, పాత ఉదారవాదులు. మతపక్షం కదిలింది ఆ సంవత్సరం చివర షా మళ్ళీ పట్టు బిగించిన తరువాత. మసీదుల వ్యవస్థ సిద్ధంగా ఉన్నందువల్ల జరిగిందంటారా? పెద్ద ఉలమాలు చాలామంది మొదట వెనుకాడారు. మసీదుల వ్యవస్థను ఉద్యమం తన చేతిలోకి తెచ్చుకోవలసి వచ్చింది. ఆర్థిక మాంద్యం వల్లనంటారా? అంతకంటె గడ్డుకాలాలు ఇరాన్ చూసింది. సమ్మెకు ముందుకు వచ్చినవారందరూ ఎక్కువ నష్టపోయినవారు కారు. షా చేయి వణికినందువల్లనంటారా? సైన్యం చివరి నెలల వరకు కాల్పులు జరుపుతూనే ఉంది.

ఇక మిగిలిందేమిటి? ఉద్యమం గెలవగలదన్న నమ్మకం జనంలో ఎప్పుడు కుదిరిందో అప్పుడే జనం వచ్చారని ఆయన సమాధానం. పక్కవాడు వస్తాడా, ఎదుటి వీధి వస్తుందా అని ప్రతివాడూ చూశాడు. వందమందితో వెళ్ళడం ప్రాణాంతకం. లక్షమందితో వెళ్ళడం సాధ్యం. దీనికి ఆయన 'వివరణకు ఎదురు వివరణ' అన్న అర్థంలో ఒక పేరు పెట్టారు. విప్లవం ముందుగా ఊహించడానికి వీలులేనిది, అందులో పాల్గొన్నవారికే రేపేమవుతుందో తెలియదు, కనుక దానికి ముందే ఉన్న కారణాల పట్టిక తయారు చేయలేమన్నది ఆయన తాత్పర్యం.

ఒకే పట్టణం, రెండు ఫలితాలు

కర్జ్‌మన్ 2003లో ప్రచురించిన ఒక వ్యాసంలో ఖుమ్ పట్టణంలోని రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూపారు. ఆయన పరిశోధనలో అత్యంత విలువైన భాగం బహుశా ఇదే.

1975 జూన్‌లో ఖుమ్‌లోని ఫైజియా మదరసా విద్యార్థులు 1963 జూన్ నాటి తిరుగుబాటు వార్షికోత్సవాన్ని జరుపుకున్నారు. పోలీసులు మదరసాపై దాడి చేశారు. విద్యార్థులను పెద్దసంఖ్యలో నిర్బంధించారు. మదరసా మూతపడింది. దేశం కదలలేదు. బజారు మూయలేదు. సంతాప సభలు వ్యాపించలేదు. అణచివేత పూర్తిగా ఫలించింది.

రెండున్నర సంవత్సరాల తరువాత, 1978 జనవరి 7న, 'ఇత్తెలాఆత్' దినపత్రికలో ఆయతుల్లా ఖుమైనీని కించపరుస్తూ ఒక మారుపేరుతో వ్యాసం వచ్చింది. 9న అదే ఖుమ్‌లో విద్యార్థులు ఊరేగింపు తీశారు. కాల్పులు జరిగాయి. కొందరు మరణించారు. ఈసారి దేశం కదిలింది.

పట్టణం ఒకటే, విద్యార్థి వర్గం ఒకటే, ప్రభుత్వం ఒకటే. అణచివేతే విప్లవానికి కారణమైతే 1975లోనే విప్లవం రావలసింది. ఈ రెండు తేదీల మధ్య మారిందేమిటంటే, ప్రజలు సిద్ధంగా ఉన్నారన్న నమ్మకం ఉద్యమ నాయకులలో ఏర్పడడం. 1977 అక్టోబరులో నజఫ్‌లో ఖుమైనీ పెద్దకుమారుడు ముస్తఫా మరణించినప్పుడు ఇరాన్ మసీదులలో జరిగిన సంతాప సభలకు వచ్చిన జనం, అదే నెలలో టెహరాన్‌లో పది రాత్రులు సాగిన కవి సమ్మేళనాలకు వచ్చిన జనం, భయం ఎంతవరకు ఉందో, ఎంతవరకు సడలిందో తెలియజేశారు. 1978 జనవరిలో పడిన దెబ్బ 1975 నాటి దానికంటె పెద్దది కావడం మాత్రమే తేడా కాదు. దాన్ని చూసేవారి కళ్ళు మారాయి.

దీనితోపాటు ఇంకొక లెక్కను గమనించాలి. 1971 ఫిబ్రవరిలో సియాహ్‌కల్ గ్రామంలోని పోలీసు ఠాణాపై జరిగిన దాడితో ఇరాన్‌లో గెరిల్లా పోరాటం మొదలయింది. అప్పటి నుండి 1977 వరకు 341 మంది గెరిల్లాలు, సాయుధ సంస్థల సభ్యులు మరణించారని చరిత్రకారుడు యర్వాండ్ అబ్రహామియన్ లెక్క కట్టారు. వీరిలో 177 మంది ఎదురుకాల్పులలో, 91 మంది మరణశిక్షలకు, 42 మంది చిత్రహింసలకు బలి అయ్యారు. వీరి సాహసాన్ని ఎవరూ శంకించలేరు. కానీ ఆ రక్తం చూసి జనం లేవలేదు. 1957లో ఏర్పడిన గూఢచారి సంస్థ సావాక్, చిన్న చిన్న దళాలను పట్టుకోవడంలో ఆరితేరింది. ఆ పనిలో అది నెగ్గింది కూడా. అణచివేత ఎన్నడూ పనిచేయదనేవారు ఈ 341 మందికి ఏమి సమాధానం చెబుతారు?

నలభయ్యో రోజు

ఖుమ్ కాల్పులకు నలభయ్యో రోజైన ఫిబ్రవరి 18న తబ్రీజ్‌లో సంతాప సభకు వచ్చినవారికి మసీదు ద్వారం మూసి కనిపించింది. పోలీసులతో ఘర్షణ జరిగింది. బ్యాంకులు, సినిమాహాళ్ళు, రస్తాఖేజ్ పార్టీ కార్యాలయాలు దాడికి గురయ్యాయి. సైన్యం వచ్చింది. మళ్ళీ మరణాలు. వాటికి నలభయ్యో రోజు మార్చి చివర యజ్ద్‌తో సహా పలు పట్టణాలలో ఊరేగింపులు, కాల్పులు. మళ్ళీ నలభై రోజులకు, మే నెలలో, ఇంకా ఎక్కువ పట్టణాలు.

చెహ్లుం అన్న మాట హైదరాబాదు ముస్లింలకు కొత్త కాదు. నలభయ్యో రోజు ఆచారానికి షరీఅత్‌లో స్థానం ఎంత అన్న చర్చ ఇక్కడ అప్రస్తుతం. ఇక్కడ చూడవలసింది, నిర్బంధం కింద ఉన్న సమాజానికి ఆ ఆచారం చేసిన పని. సభలు నిషిద్ధమైన దేశంలో, పత్రికలు ప్రభుత్వం చేతిలో ఉన్న దేశంలో, ఎప్పుడు, ఎక్కడ కలవాలో ఎవరూ ప్రకటించనక్కరలేకుండా అందరికీ ముందే తెలిసి ఉండడం చిన్న విషయం కాదు. చనిపోయిన రోజు తెలిస్తే నలభయ్యో రోజు లెక్క పెట్టుకోవచ్చు. కరపత్రం అచ్చు వేయనక్కరలేదు, రహస్య సమావేశం జరపనక్కరలేదు. ఫాతిహాకు వెళ్ళేవాణ్ణి ఆపితే ప్రభుత్వమే మతద్రోహి అనిపించుకుంటుంది. ఆపకపోతే జనం ఒకచోట చేరుతారు.

ఈ చక్రం యంత్రంలాగా తనంతట తాను తిరిగిందనుకోవడం కూడా పొరపాటు. జూన్ 17న పడిన నలభయ్యో రోజు ప్రశాంతంగా గడిచింది. వీధులలోకి రావద్దు, ఇళ్ళలోనే ఉండి సంతాపం పాటించండి అని ఉలమాలు కోరారు. జనం పాటించారు. పగ తనంతట తానే పెరుగుతూ పోయే మంట అయితే ఆ రోజు అది చల్లబడకూడదు. జనం ఆలోచించి వచ్చారు, ఆలోచించి ఆగారు. కర్జ్‌మన్ ఈ సంగతిని సరిగానే గుర్తించారు.

కాల్పులు, రాయితీలు

ఆగస్టు 19న అబాదాన్‌లోని రెక్స్ సినిమాహాలు తగలబడి దాదాపు నాలుగు వందల మంది మరణించారు. ప్రజలు సావాక్‌ను నిందించారు. విప్లవానంతరం 1980లో జరిగిన విచారణ ఆ నింద నిలవదని చూపింది; నిప్పు పెట్టినవారు మతపక్షానికి చెందిన వ్యతిరేకులన్న నిర్ణయానికి చరిత్రకారులలో చాలామంది వచ్చారు. జాలిము చేయని నేరం కూడా జాలిము ఖాతాలోనే పడుతుందన్నది పాలకులకు ఇందులో ఉన్న పాఠం. తమ పక్షం చేసిన నేరాన్ని ఎదుటి పక్షం పేరు మీద వ్రాసి, దానితో జనాన్ని రగిలించడం న్యాయం కాదన్నది ఉద్యమకారులకు ఉన్న పాఠం.

ఆ నెల చివర కొత్త ప్రధాని షరీఫ్ ఇమామీ రాయితీలు ప్రకటించారు. 1976లో ప్రవేశపెట్టిన షాహన్‌షాహీ పంచాంగాన్ని తీసివేసి ఇస్లామీ పంచాంగాన్ని పునరుద్ధరించారు, జూదగృహాలు మూయించారు. సెప్టెంబరు 4న ఈదుల్ ఫిత్ర్ ఊరేగింపు శాంతియుతంగా, బ్రహ్మాండంగా జరిగింది. నాలుగు రోజులకే, 8వ తేదీ శుక్రవారం తెల్లవారుజామున, సైనిక శాసనం విధించారు. ఆ వార్త చేరని జనం జాలెహ్ చౌక్‌లో గుమికూడారు. కాల్పులు జరిగాయి. ఆ దినానికి 'నల్ల శుక్రవారం' అని పేరు పడింది.

ఈ నాలుగు రోజులలోనే షా ప్రభుత్వ విధానమంతా ఉంది. సోమవారం అనుమతి, శుక్రవారం మరణం. 1987లో మార్క్ లిచ్‌బాక్ అనే రాజనీతి శాస్త్రజ్ఞుడు ప్రభుత్వ విధానంలో నిలకడ లేకపోతే వ్యతిరేకత పెరుగుతుందని, ఒక మార్గం మూస్తే ఉద్యమం మరో మార్గానికి మళ్ళుతుందని సిద్ధాంతీకరించారు. ఇరాన్‌లో సరిగ్గా అదే జరిగింది. జాలెహ్ కాల్పుల తరువాత టెహరాన్ వీధులు కొంతకాలం నెమ్మదించాయి. అంటే కాల్పులు తక్షణ ఫలితం ఇచ్చాయి. కానీ మరునాడే టెహరాన్ చమురుశుద్ధి కర్మాగారంలో సమ్మె మొదలయింది. వీధిలో నిలబడినవాణ్ణి కాల్చవచ్చు. పనికి రానివాణ్ణి తుపాకితో పనిచేయించడం కష్టం. శరత్కాలం గడిచేసరికి రోజుకు దాదాపు 60 లక్షల పీపాలుగా ఉన్న చమురు ఉత్పత్తి కుప్పకూలింది.

1996లో కారెన్ రాస్లర్ చేసిన గణాంక పరిశీలన కూడా ఈ సంగతినే మరో విధంగా చెప్పింది. ఇరాన్‌లో బలప్రయోగం స్వల్పకాలంలో నిరసనను తగ్గించింది, కాలం గడిచేకొద్దీ పెంచింది. రాయితీలు సైతం నిరసనను పెంచాయి. పాలకుడు ఉదయం చూసే ఫలితం వేరు, మూడు వారాల తరువాత వచ్చే ఫలితం వేరు. ఉదయం కనిపించిన ఫలితాన్ని నమ్మి అతడు మళ్ళీ అదే మందు వాడతాడు.

ఇంకొక కారణం పరికరాలకు సంబంధించినది. జనసమూహాన్ని చంపకుండా చెదరగొట్టే శిక్షణగాని, తగిన సామగ్రిగాని షా బలగాలకు చాలినంత లేవు. సరిహద్దులలో యుద్ధం చేయడానికి తయారు చేసిన సైన్యాన్ని, దళాలను వేటాడడానికి తయారు చేసిన గూఢచారులను లక్షలాది జనం ముందు నిలబెట్టారు. డిసెంబరు 10, 11 తేదీలలో, తాసూఆ, ఆషూరా దినాలలో, దేశ జనాభాలో పదోవంతు దాకా వీధులలోకి వచ్చి ఉండవచ్చునని కర్జ్‌మన్ అంచనా. అంతమందిని చెరలో పెట్టే చెరసాల ఏ దేశంలోనూ లేదు. 1979 జనవరి 16న షా దేశం విడిచాడు. ఫిబ్రవరి 11న సైన్యం తటస్థత ప్రకటించింది.

సంఖ్యల ప్రశ్న

నల్ల శుక్రవారం నాడు వేలాదిమంది మరణించారని ఆనాడు ప్రచారమయింది. 1979 రాజ్యాంగ పీఠిక విప్లవంలో 60,000 మందికి పైగా షహీదులయ్యారని పేర్కొన్నది. తరువాతి కాలంలో షహీదుల సంస్థ రికార్డులు పరిశీలించిన ఇరానీ పాత్రికేయుడు ఇమాదుద్దీన్ బాఘీ ఇచ్చిన లెక్క వేరు. 1978–79 ఘటనలలో మరణించినవారు 2,781 మంది. నల్ల శుక్రవారం నాడు టెహరాన్‌లో మరణించినవారు ఎనభై మందికి పైగా. వారిలో 64 మంది జాలెహ్ చౌక్‌లో.

ఈ సంఖ్యలు విని కొందరికి కష్టం కలుగవచ్చు. అరవై వేలు కాదు, మూడు వేలకు లోపే అంటే షా పట్ల మెతకగా మాట్లాడినట్లు తోచవచ్చు. ఒక్క ప్రాణాన్ని అన్యాయంగా తీయడం మానవాళినంతటినీ చంపడం వంటిదని దివ్య ఖుర్ఆన్ బోధించినప్పుడు, జుల్మ్‌ను రుజువు చేయడానికి సున్నాలు చేర్చవలసిన అవసరం ముస్లింకు లేదు. అబద్ధపు సాక్ష్యం మంచి పక్షానికి చెప్పినా అబద్ధపు సాక్ష్యమే. పైగా ఈ చిన్న సంఖ్యే అసలు విషయాన్ని తెలియజేస్తున్నది. విప్లవం గెలిచింది ఎక్కువమంది చనిపోయినందువల్ల కాదు, ఎక్కువమంది వచ్చినందువల్ల.

గ్రంథంలోని లోపాలు

కర్జ్‌మన్ గ్రంథం విలువైనదే అయినా దానిపై మూడు అభ్యంతరాలు చెప్పవలసి ఉంది.

మొదటిది, ఆయన తన వాదాన్ని వివరణ కాదంటారు. కానీ గెలవగలమన్న నమ్మకం వల్ల జనం వచ్చారనడం కూడా వివరణే. ఆ నమ్మకం ఎలా కుదిరిందన్న ప్రశ్న దాని వెంటనే వస్తుంది. దానికి సమాధానం వెతికితే, ఆయన ఒక్కొక్కటిగా పక్కన పెట్టిన కారణాలే తిరిగి వస్తాయి. ఒంటరిగా ఏదీ సరిపోదని చూపడం వేరు, అన్నీ కలిసినా సరిపోవని చూపడం వేరు. ఆయన మొదటిదాన్ని రుజువు చేసి రెండవదాన్ని కూడా రుజువు చేసినట్లు ముగించారు.

రెండవది, సంతాప ఆచారాలను ఆయన సాంస్కృతిక కారణాల కింద చేర్చి, 1978కి ముందు వాటిని ఇలా ఎక్కువగా వాడలేదు గనుక అవి కారణం కాజాలవన్నారు. ఆచారం మనసులను రగిలించిందా లేదా అన్నదే ఆయన చూశారు. పైన చెప్పినట్లు దాని అసలు బలం అది కాదు. పక్కవాడు వస్తాడా లేదా అన్నదే అసలు సమస్య అని ఆయనే అంటున్నప్పుడు, పక్కవాడు వచ్చే తేదీని, స్థలాన్ని తెలియజేసే ఏర్పాటును అంత తొందరగా దాటిపోవడం విచిత్రం. ముహర్రం మొదటి రాత్రులలో, కర్ఫ్యూ వేళ, ఇళ్ళ కప్పుల మీది నుండి వినవచ్చిన తక్బీర్ నినాదాలు చేసిన పని ఇదే. చీకటిలో ఎవరి ముఖమూ కనబడదు. ఎంతమంది ఉన్నారో మాత్రం వినబడుతుంది.

మూడవది, బలప్రయోగాన్ని ఆయన ఒకే పిడికిలిగా చూశారు. ఒక దళాన్ని పట్టుకుని చిత్రహింస పెట్టడం, ఒక మదరసాను మూయడం, ఒక ఊరేగింపుపై కాల్పులు జరపడం, ఒక పట్టణాన్ని నేలమట్టం చేయడం ఒకే రకం పనులు కావు. మొదటి రెండూ ఇరాన్‌లో ఏళ్ళ తరబడి ఫలించాయి. మూడవది ఫలించలేదు. నాలుగవదానికి షా పూనుకోలేదు. పూనుకున్న దేశంలో ఏమయిందో చూస్తేగాని ఇరాన్ ఉదాహరణ హద్దులు తెలియవు.

హమా నుండి డమాస్కస్ వరకు

1982 ఫిబ్రవరిలో సిరియాలోని హమా పట్టణంలో జరిగిన తిరుగుబాటును హాఫిజ్ అల్ అసద్ ప్రభుత్వం ఫిరంగులతో ఎదుర్కొన్నది. మరణించినవారి సంఖ్యపై అంచనాలు 10,000 నుండి 40,000 వరకు ఉన్నాయి. ఇరాన్ విప్లవం గెలిచి మూడేళ్ళే గడిచిన కాలమది. హమా రక్తం నుండి నలభయ్యో రోజున మరో తబ్రీజ్ పుట్టలేదు. 2011 మార్చిలో దర్ఆ పట్టణం లేచేదాకా దాదాపు మూడు దశాబ్దాలు ఆ దేశం మౌనం వహించింది.

2024 డిసెంబరు 8న అసద్ వంశపాలన కూలిపోయింది కదా, చివరకు జుల్మ్ ఓడిపోయిందని కొందరంటారు. నిజమే, కూలిపోయింది. హమా తరువాత నలభై రెండేళ్ళకు. పదమూడేళ్ళ యుద్ధం తరువాత. లక్షలాది మరణాల తరువాత. జనాభాలో సగం ఇల్లు వదలిన తరువాత. 1982లో హమాలో తన పిల్లలను పోగొట్టుకున్న తల్లికి ఈ తేదీని చూపి ఇదిగో ఫలితం అనడానికి ఎవరికి నోరు వస్తుంది?

ఇరాన్‌లోనే విప్లవానంతర చరిత్ర చూసినా ఇదే కనబడుతుంది. కర్జ్‌మన్ గ్రంథం 1979 ఫిబ్రవరితో దాదాపు ఆగిపోతుంది. 1981 జూన్ తరువాత కొత్త ప్రభుత్వం తన ప్రత్యర్థులపై, వారు సాయుధ దాడులకు దిగిన కాలంలో, వేలాది మరణశిక్షలు అమలు జరిపింది. 1988 వేసవిలో చెరసాలలలోని ఖైదీలను వేల సంఖ్యలో ఉరితీశారు. దానికి అభ్యంతరం చెప్పిన ఆయతుల్లా ముంతజిరీ 1989లో ఖుమైనీ వారసత్వ పదవిని కోల్పోయారు. ఆ అణచివేత ఫలించింది. 2022 అక్టోబరులో, పోలీసు నిర్బంధంలో మరణించిన ఒక యువతి నలభయ్యో రోజున, సఖ్ఖెజ్ పట్టణంలో వేలాదిమంది ఆమె సమాధికి నడిచి వెళ్ళారు. 1978లో తబ్రీజ్ వాడిన తేదీ లెక్కనే వారూ వాడారు. ఆనాడు షా సైన్యం చేసినట్లే ఈనాటి బలగాలూ చేశాయి. 1979 మాత్రం తిరిగి రాలేదు. జుల్మ్ ఎవరి చేతిలో ఉందన్న దాన్ని బట్టి దాని పేరు మార్చేవారు ఈ రెండు నలభయ్యో రోజులను పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

ఫిరౌన్ వృత్తాంతం, ఇబ్నె ఖల్దూన్ హెచ్చరిక

రక్తం చిందితే విజయం తప్పదన్న నియమం ఇస్లామీ మూలాలలో ఉందా? ఖుర్ఆన్‌లోని ఫిరౌన్ వృత్తాంతాన్ని జాగ్రత్తగా చదివితే సమాధానం దొరుకుతుంది. మాంత్రికులు సత్యాన్ని గ్రహించిన తరువాత, కాళ్ళు చేతులు నరికిస్తానని, శిలువ వేయిస్తానని ఫిరౌన్ బెదిరిస్తే వారు చలించలేదు. సూరా తాహా ఈ సంగతి చెబుతున్నది. అదే ఫిరౌన్ భయం వల్ల హజ్రత్ మూసా (అలై) జాతిలో కొద్దిమంది యువకులు తప్ప ఆయన వెంట రాలేదని సూరా యూనుస్ తెలియజేస్తున్నది. ఒకే జాలిము, ఒకే బెదిరింపు. కొందరిలో ధైర్యం, అనేకులలో భయం. ఖుర్ఆన్ రెండింటినీ చెప్పింది, భయపడినవారి సంగతిని దాచలేదు. అగ్ని కందకాలలో కాల్చబడిన విశ్వాసుల ప్రస్తావన సూరా బురూజ్‌లో ఉంది. వారికి వాగ్దానం చేయబడినది స్వర్గం. ఆ పట్టణంలో అధికారం కాదు.

జుల్మ్ నాగరికతను నాశనం చేస్తుందని ఇబ్నె ఖల్దూన్ తన 'ముఖద్దిమా'లో ఒక ప్రత్యేక అధ్యాయం వ్రాశారు. దాన్ని ఉదహరించేవారు చాలామంది. కానీ అదే చోట, పెద్ద నగరాలలో జుల్మ్ జరిగినా నాశనం వెంటనే కనబడదని, అది మెల్లగా, కంటికి ఆనకుండా సాగుతుందని ఆయన చేసిన హెచ్చరికను ఉదహరించేవారు తక్కువ. తగిన సంఘబలం, అసబియ్యత్, లేకుండా అన్యాయంపై లేచిన ధర్మాత్ములు తామూ నశించి, తమను నమ్మినవారినీ నశింపజేసిన ఉదాహరణలు కూడా ఆయన ఇచ్చారు. గెలవగలమన్న నమ్మకాన్ని గురించి ఆధునిక సమాజశాస్త్రం చెబుతున్నదానికి ఇది చాలా దగ్గరి మాట. అయితే ఇబ్నె ఖల్దూన్ ఒక అడుగు ముందుకు వేశారు. బలం ఉందన్న నమ్మకం వేరు, బలం ఉండడం వేరు అని గుర్తించారు. ఇరాన్‌లో ఆ నమ్మకం నిజమయింది. హమాలో నిజం కాలేదు.

ముగింపు

కర్జ్‌మన్ గ్రంథం నుండి నిలిచే ఫలితం ఇది: బలప్రయోగం తనంతట తాను ఉద్యమాన్ని చంపదు, పుట్టించదు. అది పడే సమయానికి జనం ఒకరినొకరు ఎంతగా నమ్ముతున్నారో, కలుసుకునే మార్గాలు ఎన్ని మిగిలి ఉన్నాయో, ఒక మార్గం మూస్తే మరొకటి ఉందో లేదో, సైనికుడు తన ఎదుట ఉన్నవారిలో తనవారిని చూస్తున్నాడో లేదో, వీటిని బట్టి దాని ఫలితం తేలుతుంది. ఇందులో దేన్నీ నినాదంతో నిర్ణయించలేము.

అందుచేత జుల్మ్‌ను ఎదిరించడం విధి అన్న సూత్రానికి ఈ పరిశీలన వల్ల లోటేమీ రాదు. లోటు వచ్చేది మరొకదానికి: చనిపోయినవారి సంఖ్యను విజయానికి పెట్టుబడిగా లెక్కవేసే అలవాటుకు. ఇరాన్‌లో 1978 జూన్ 17న జనాన్ని ఇళ్ళలో ఉండమన్నవారు ఉద్యమానికి ద్రోహం చేయలేదు. మరో నలభయ్యో రోజు కోసం జనాన్ని బతికించారు. ఆషూరా నాటి ఊరేగింపులో నడిచిన లక్షలాదిమంది బతికి ఉన్నవారు. షా ప్రభుత్వాన్ని ఓడించినది వారే.